ఎర్రబడిన పప్పు

మా ఊరి బోరు నీళ్ళలో కందిపప్పు ఉడకదు. ఈ మాట బయటివాళ్ళతో అంటే నవ్వుతారు. నీళ్ళు మరిగితే పప్పు ఉడక్క ఏం చేస్తుంది అంటారు. తనకల్లు దాటి మా మిట్ట మీదికొచ్చి ఒక్క పూట వంట చేస్తే వాళ్ళకే తెలుస్తుంది. పొద్దున్నే పొయ్యి మీద పెట్టిన పప్పు మధ్యాహ్నానికి కూడా గింజ గింజగానే ఉంటుంది. గరిటెతో తీసి నలిపితే లోపల పలుకు తగులుతుంది. అదే పప్పును వాన నీళ్ళలో వేస్తే వెన్నలా కరిగిపోతుంది. కానీ వానను నమ్ముకుని పప్పు నానబెట్టే ధైర్యం మా దగ్గర ఎవరికీ లేదు.

కారణం నీళ్ళలోనే ఉంది. బోరు ఎంత లోతుకు పోతే నీళ్ళు అంత రాతిని కరిగించుకుని పైకొస్తాయి. చూడ్డానికి తేటగానే ఉంటాయి. కాగబెట్టిన బాన లోపల తెల్లటి పెచ్చు కడుతుంది చూడండి, అది ఆ కరిగొచ్చిన సున్నమే. పప్పు గింజ లోపల చిన్న చిన్న గదులుంటాయట. గదికీ గదికీ మధ్య ఒక జిగురు. మంచి నీళ్ళలో ఉడికితే ఆ జిగురు కరిగి గింజ విడిపోతుంది. మా నీళ్ళలో సున్నం పోయి ఆ జిగురును పట్టుకుని బిగిస్తుంది, మట్టితో కట్టిన గోడకు ఎవరో వచ్చి సిమెంటు పూసినట్టు. ఇంక ఎంత మంట పెట్టినా ఊడదు. ఇదంతా నేను తర్వాత అడిగి తెలుసుకున్నది. అప్పటికి నాకు తెలిసింది ఒకటే, చిటికెడు సోడా వేస్తే పప్పు మెత్తబడుతుంది. సోడా ఆ జిగురు పట్టు వదిలిస్తుంది. మా ఊర్లో ఆడవాళ్ళందరికీ తెలిసిన కిటుకే.

నేను చెప్పబోయే భయమంతా ఆ సోడా అనే ఒక్క మాట దగ్గరే మొదలైంది.

మా ఊర్లో బజ్జీల పిండిలో కలిపేదీ సోడానే. బట్టలు ఉడకబెట్టేదీ సోడానే. అంగట్లో గోలీ నొక్కి చేతికిచ్చేదీ సోడానే. ఏ సోడా అని ఎవరూ అడగరు, అడిగే సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది. ఆ కరువు ఏళ్ళలో వాటికి తోడు ఇంకొకటి వచ్చి చేరింది. పొదుపు సంఘం ఆడవాళ్ళకు సబ్బులు చేయడం నేర్పిస్తామని పట్నం నుంచి ఒకావిడ వచ్చింది. ఆమె తెచ్చిన సరుకులో కాస్టిక్ సోడా అని తెల్లటి పలుకులు ఉన్నాయి. ఆ పేరు మా అవ్వకు నోరు తిరగక కష్టం సోడా అంది. అందరూ నవ్వారు, అందరికీ అదే పేరు అలవాటైపోయింది.

ఆ నేర్పించే ఆవిడ మొదటి రోజే మమ్మల్ని బాగా భయపెట్టింది. నూనెను సబ్బు చేసేది ఇదేనమ్మా, మీ ఒంట్లో కూడా కొవ్వు ఉంది, అది నూనో మీ చర్మమో దీనికి తేడా తెలీదు అంది. తడి వేళ్ళకు తగిలితే జారుడుగా అనిపిస్తుంది, ఆ జారుడు మీ చర్మం మీది జిడ్డు సబ్బవుతున్నందువల్ల వచ్చేది, వెంటనే కడుక్కోండి అంది. పొరపాటున ఎవరన్నా మింగితే వాంతి చేయించకండి, పులుపు తాగించకండి, నోరు కడిగి డబ్బాతో సహా ఆసుపత్రికి పోండి అంది. నేను పదో తరగతి ఒకసారి తప్పి గట్టెక్కినదాన్ని. చదివింది చాలావరకు మర్చిపోయాను. ఆమె చెప్పిన ఆ నాలుగు ముక్కలు మాత్రం మర్చిపోలేదు.

సబ్బుల వ్యాపారం ఎక్కువ కాలం నడవలేదు. మేం చేసిన సబ్బు మా నీళ్ళలోనే నురగ రాలేదు. నీళ్ళలోని సున్నం సబ్బును పట్టుకుని విరిగిన పాలలా తెట్టు కట్టేస్తుంది. ఒంటికి రుద్దుకుంటే జిగట, బట్టకు రుద్దితే బూడిద రంగు. సంఘానికి పెద్ద మా అమ్మే కాబట్టి మిగిలిన సరుకంతా మా ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ రోజు అమ్మ తనకల్లుకు సంఘం మీటింగుకు పోయింది. నేను తోట బోరు నుంచి సైకిలుకు బిందెలు కట్టుకుని నీళ్ళు తోసుకొస్తున్నాను. నాయన, అన్న చేలో ఉన్నారు. ఇంట్లో ఉన్నది అవ్వ, వదిన. వదిన అమ్మకు సొంత అన్న కూతురే. పుట్టి పెరిగింది రాయదుర్గంలో, పెళ్ళికి ముందు జీన్స్ ప్యాంట్లు కుట్టే చోట పని చేసేది. అప్పటికి ఆమెకు ఏడో నెల. బరువు పనులేవీ చేయొద్దని అమ్మ వంటింట్లోకి రానిచ్చేది కాదు. అమ్మ మీటింగుకు పోయేసరికి, ఇవాళ నేనే వండుతానని పట్టుబట్టి పొయ్యి దగ్గర కూర్చుంది.

నేను వచ్చి బిందెలు దించి, ఆకలేస్తే గిన్నె మూత తీశాను.

పప్పు ఎర్రగా ఉంది. మిరపకాయల ఎరుపు కాదు, టమాటా ఎరుపు కాదు. నాకు ఆ రంగు తెలుసు. బాలింతకూ పెళ్ళికూతురికీ దిష్టి తీయడానికి పళ్ళెంలో తిప్పే ఎర్రనీళ్ళ రంగు అది. పసుపు నీళ్ళలో ఇంత సున్నం వేస్తే చూస్తుండగానే ఎర్రబడతాయి కదా, అచ్చం అదే. దిష్టి నీళ్ళు గిన్నెలో ఉడుకుతున్నట్టు ఉంది.

పసుపుకు అదొక గుణం. పులుపు తగిలితే పచ్చగానే ఉంటుంది. సున్నం, సబ్బు, సోడా లాంటివి తగిలితే ఎర్రబడుతుంది. పసుపు మరక పడిన చీరకు సబ్బు రుద్దినప్పుడు గుండె గుభేలుమనేది అందుకే, అక్కడ రక్తం మరకలా అవుతుంది. పప్పులో వంట సోడా చిటికెడు వేసినా రంగు కొంచెం మారుతుంది. ఇంత మారదు. అంటే పడింది వంట సోడా కాదు, అంతకంటే ఘాటైనదేదో పడింది. ఇదంతా ఇప్పుడు నిదానంగా రాస్తున్నాను గానీ, ఆ క్షణాన నాకు తోచింది మాటల్లో లేదు. మూత చేతిలో పట్టుకునే వదిన వైపు తిరిగాను.

"వదినా, పప్పులో ఏమేసినావ్?"

"ఏమేస్తారు. మిరక్కాయలు, ఎర్రగడ్డ, పసుపు. ఏమిటికట్ల చూస్తాండావ్?"

"సోడా యేసినావా?"

"ఏసినా. ఉడకల్యా కదా. మీ యమ్మ పొయ్యేముందు అడిగే ఏసినా."

"ఏ సోడా?"

"సోడాలో ఏ సోడా యేంది? సోడా అంటే సోడా. గూట్లో డబ్బా ఉండాదంటే తీసుకున్నా. గడ్డకట్టింటే చెంచాతో పొడిచి ఒక గడ్డ ఏసినా."

వంట సోడా ఉప్పు పక్కన గాజు సీసాలో ఉంటుంది. బానల గూట్లో ఉన్నది పాత పాలపొడి డబ్బా. దాని మీద ఏమీ రాసి లేదు. మూత సరిగా పట్టలేదు. లోపల తెల్లగా, గట్టిగా ఒక ముద్ద. అమ్మ అందులో బట్టల సోడా పోసిందో, కష్టం సోడా పోసిందో నాకు తెలీదు. బట్టల సోడా అయితే నోరు మండుతుంది, కడుపు తిప్పుతుంది, గండం గడిచిపోతుంది. కష్టం సోడా అయితే, నేర్పించిన ఆవిడ చెప్పిందంతా వదిన గొంతులో మొదలై ఉంటుంది.

"నోట్లో ఏమన్నా పెట్టుకున్నావా?"

"ఉప్పు చూసినా. చేతిలో ఏసుకొని నాకి ఉమ్మేసినా. సబ్బు మాదిరుండె."

"నిజంగానా?"

"అబద్ధం చెప్పేకి నాకేమొస్తాది?"

చెప్తూనే చెంబెత్తి నీళ్ళు తాగింది. నేను వచ్చాక అది రెండోసారి.

అరుగు మీద కూర్చుని వక్కాకు దంచుకుంటున్న అవ్వకు ఈ మాటలన్నీ వినిపించాయి. ఆమెకు కళ్ళు కనపడవు గానీ చెవులు చురుకు. రోలు పక్కన పెట్టి అక్కడి నుంచే వైద్యం మొదలుపెట్టింది.

"చింతపండు పిండి రసం తాపియ్యే. ఆకులో సున్నం ఎక్కువై నోరు పొక్కితే మేమదే కదా చేస్తాం."

"వద్దవ్వా."

"అయితే ఉప్పునీళ్ళు తాపి కక్కించు. పోయేదంతా పోతాది."

"అది గూడా వద్దు. పైకొచ్చేటప్పుడు ఇంగోసారి కాలుస్తాది."

"ఓయబ్బా, డాక్టరమ్మ వచ్చింది. పదో తరగతి తప్పింది గానీ అన్నీ తెలుసు."

అవ్వ చెప్పిందాంట్లో తప్పేమీ లేదు, పులుపుకూ క్షారానికీ పడదు. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. కానీ చంపుకునేటప్పుడు వేడి పుడుతుంది. బండ మీద పుడితే ఫర్వాలేదు. లోపల మెత్తని చోట, అప్పటికే పుండైన చోట పుడితే ఏం కావాలి? ఈ మాట అవ్వకు నచ్చేలా చెప్పే ఓపిక నాకు లేదు. వదిన చేత నోరు పుక్కిలింపించి ఉమ్మిస్తూ కూర్చున్నాను. ఒకవైపు అవ్వ మాటే నిజమేమో, నేను అడ్డం పడి అన్యాయం చేస్తున్నానేమో అని ఇంకో భయం.

అయినా చింతపండు నానబెట్టాను. తాగించడానికి కాదు. డబ్బాలో నుంచి ఒక పలుకు స్టీలు పళ్ళెంలో వేసి మీద చింతపండు రసం పోశాను. బుసబుసమని పొంగింది.

బట్టల సోడాలో ఒక గాలి ఇరుక్కుని ఉంటుంది. పులుపు తగిలితే ఆ గాలి తప్పించుకుని బయటికొస్తుంది, అదే నురగ. గోలీ సోడా కొడితే పొంగేదీ ఆ గాలే, రెండింటికీ ఒకే పేరు ఊరికే రాలేదు. కష్టం సోడాలో ఆ గాలి లేదు. పులుపు పోస్తే వేడెక్కుతుందే గానీ పొంగదు. ఇది పొంగింది కాబట్టి బట్టల సోడానే. నేను ఊపిరి వదిలాను. వదులుతూ పళ్ళెం తీసి పక్కన పెడదామని కింద చెయ్యి పెట్టాను.

పళ్ళెం గోరువెచ్చగా ఉంది.

ఎండాకాలం మధ్యాహ్నం. రేకుల వంటిల్లు. పక్కనే మండుతున్న పొయ్యి. ఆ ఇంట్లో చల్లగా ఉన్న వస్తువే లేదు. పళ్ళెం ముందు నుంచే వెచ్చగా ఉందో, ఇప్పుడే వేడెక్కిందో ఎలా చెప్పను? ఇంకో పలుకు వేసి చూడాలని కూడా అనిపించలేదు. చూస్తే ఏం తేలుతుందోనన్న భయం.

అన్న చేలో నుంచి వచ్చేసరికి నేను డబ్బాను గుడ్డలో మూట కట్టి చేతిలో పట్టుకుని ఉన్నాను. విషయం వినగానే గిన్నె మూత తీసి చూశాడు. చెమటతో ఉన్న మొహం అలాగే బిగుసుకుపోయింది. వెంటనే జీపు తేవడానికి పోయాడు. వదిన ఇంకా రానంటూనే ఉంది.

"ఊరంతా నవ్వుతారు. పప్పొండి ఆసుపత్రికి పోయినారంటారు. రాయదుర్గం పిల్లకు పప్పొండేకి గూడా రాదంటారు."

"నవ్వితే నవ్వనీ. జల్ది లేయ్."

"నాకేమీ కాల్యా అంటాంటే వినవే."

లేచి నిలబడి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, ఒక గుటక మింగింది. మింగేటప్పుడు కళ్ళు ఒక్క క్షణం గట్టిగా మూసుకుంది. పక్కన ఇంకొకరు ఉన్నా గమనించేవారు కాదు. నేను చూశాను.

కదిరి రోడ్డెక్కే వరకు జీపు గుంతల్లో ఎగిరెగిరి పడింది. అన్న ముందు కూర్చున్నాడు. వెనక నేను, వదిన. ఆమె నా చెవి దగ్గరికి వంగింది.

"అమ్మీ, నీకొక మాట చెప్తా. మీ యన్నకు చెప్పొద్దు."

"చెప్పు."

"ఉమ్మేసినా అన్నే. ఉమ్మల్యా. తిన్నా."

"ఎంత?"

"అన్నంలో కలుపుకొని తిన్నా. రెండు మూడు ముద్దలు. మొగోళ్ళు రాకముందే తిన్నానని మీ యవ్వ ఏమన్నా అంటాదని చెప్పల్యా."

ఒడిలో ఉన్న డబ్బా మూట ఒక్కసారిగా బరువెక్కినట్టయింది.

"సబ్బు మాదిరుంటే ఎట్ల తిన్నావ్ వదినా?"

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది.

"బాగుండె."

"ఏంది?"

"నాకు రుచిగానే ఉండె. ఈ మధ్య గోడకు సున్నం కొట్టిన వాసనొస్తే నోరూరుతాది. అన్నం చూస్తే వాంతికొస్తాది. ఇంగేం చేయల్ల?"

కొంగు ముడి విప్పి చూపించింది. అందులో సుద్దమట్టి బెడ్డలు, అంచులు కొరికినవి. నేను ఆమెను తిట్టాలో, పట్టుకుని ఏడవాలో తెలియలేదు. తర్వాత ఆసుపత్రిలో చెప్పారు, కడుపుతో ఉన్న ఆడవాళ్ళలో రక్తం తక్కువైతే, అంటే ఒంట్లో ఇనుము చాలకపోతే, కొందరికి మట్టి, సుద్ద, బూడిద లాంటివి తినాలనిపిస్తుందట. మా ఊర్లో దాన్ని కడుపులో బిడ్డ అడుగుతోందని అంటారు. నవ్వి ఊరుకుంటారు. అందరి నోటికీ చేదుగా తగిలి ఆపేసే రుచే వదినకు ఇష్టంగా తగిలింది. వేరే ఎవరైనా అయితే మొదటి ముద్దకే ఉమ్మేసేవాళ్ళు.

ఆమె చెప్పొద్దన్నా నేను ఆగలేదు. ముందుకు వంగి అన్నతో చెప్పేశాను. అన్న వెనక్కి తిరిగి వదినను చూశాడు. తిట్టలేదు. డ్రైవరుతో, "ఇంకొంచెం తొక్కప్పా," అన్నాడు. వదిన నా చేతిని గట్టిగా గిల్లింది, నిజంగా నొప్పి పుట్టేలా. కదిరి వచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

ఆసుపత్రిలో ఉన్నది ఒక లేడీ డాక్టరు. వదిన నోరు తెరిపించి టార్చి వేసి చాలాసేపు చూసింది. నేను మూట విప్పి డబ్బా బల్ల మీద పెట్టాను. చింతపండు రసం సంగతి కూడా చెప్పాను, పొంగింది మేడమ్, కాబట్టి బట్టల సోడానే కదా అని. నా గొంతులో ఆశ నాకే వినిపించింది.

"పొంగితే సగం నమ్మొచ్చమ్మా, పూర్తిగా నమ్మకూడదు," అంది ఆమె. "కాస్టిక్ మూత తెరిచి పెడితే గాలిని పీల్చుకుంటుంది. మనం వదిలే ఊపిరిలో ఉండే వాయువే గాలిలో కూడా కొంచెం ఉంటుంది, దాన్ని పట్టుకుని మెల్లగా బట్టల సోడాగా మారుతుంది. పైన మారుతుంది, లోపల అట్లాగే ఉంటుంది. అప్పుడు అది కూడా పొంగుతుంది."

"మరి ఇదేదో ఎట్ల తెలిసేది?"

"డబ్బాలో పోసినవాళ్ళను అడగాలి."

పోసింది అమ్మ. తనకల్లులో మా ఊరివాళ్ళు ఎవరో చెబితే మీటింగు మధ్యలోంచి లేచి బస్సెక్కిందట. వచ్చేసరికి జుట్టంతా దుమ్ము. లోపలికి రాగానే వదిన పక్కన కూర్చుని ఆమె కాళ్ళు పట్టుకుంది, ఎందుకో తెలీదు, చేతికి అవే అందాయి కాబోలు.

అన్న అడిగాడు. "అమ్మా, ఆ డబ్బాలో ఏముండాది?"

అమ్మ డబ్బా వైపు చూసింది. చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"రెండూ."

"రెండూ అంటే?"

"రెండూ కలిపినా నాయనా. బట్టల సోడా మిగిలింటే, కష్టం సోడా గూడా మిగిలింటే, పారేసేకి మనసు రాక ఒకటే డబ్బాలో పోసినా. మసిబానలు బాగా తెల్లగవుతాయని."

నేను పళ్ళెంలో పోసి చూసిందంతా దేనికీ పనికిరాలేదు. పొంగింది నిజమే, వేడెక్కిందీ నిజమే. నాకు కావాల్సింది ఏదో ఒకటి, అందులో ఉన్నది రెండూ. మా దగ్గర ఏ వస్తువునూ పారేయరు, అదొక రోగం. వానల్లేక వచ్చిన అలవాటు కావచ్చు. అమ్మ ఆ డబ్బాలో కలిపింది కూడా ఆ అలవాటు కొద్దే.

"వంటింట్లో పెడతారా అట్లాంటిది?" అన్న గొంతు లేచింది.

"వంటింటి గూట్లో కాదు నేను పెట్టింది, బానల గూట్లో. ఈ పిల్ల సోడా యాడుండాదత్తా అంటే బానలు తోమేకి అనుకుంటి. ఏడో నెల పిల్ల పొయ్యి కాడికి పోతాదని నేననుకుంటినా?"

వదిన మంచం మీద నుంచే అంది, గొంతు కొంచెం బొంగురుగా. "అత్తనేమీ అనొద్దు. నేనడిగింది సోడా, ఆమె చెప్పింది సోడా. ఎవరిదీ తప్పు కాదు."

డాక్టరమ్మ అందర్నీ కాస్త ఆగమంది. ఆమె చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. వదిన మింగింది గడ్డను కాదు, గిన్నెడు నీళ్ళలో, పప్పులో కరిగి పలచబడిన దాన్ని. పప్పులో ఉండే మాంసకృత్తులు కూడా ఆ ఘాటును కొంత తమలోకి లాక్కుంటాయి. గడ్డే నాలుక మీద పడి ఉంటే మాట వేరుగా ఉండేది. గొంతులో ఎరుపు ఉంది, ఒకచోట తెల్లటి మచ్చ కూడా ఉంది. లోపలికి ఎంత దూరం పోయిందో ఇప్పుడే చెప్పలేం. బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోంది, కడుపులోని బిడ్డ దాకా ఈ సోడా పోదు. కానీ తల్లి మింగలేకపోతే బిడ్డకు తిండి ఎక్కడిది?

"ఇవాళ కంటే మీరు భయపడాల్సింది రాబోయే వారాల గురించి," అంది. "క్షారం కాల్చిన చోట మానేటప్పుడు ముడుచుకుంటుంది. గొంతు సన్నబడితే ముందు గట్టి పదార్థం దిగదు, తర్వాత మెత్తటిది దిగదు. అప్పటిదాకా ఏమీ తెలీదు. జావ, పాలు, మజ్జిగ ఇవ్వండి. మింగేటప్పుడు కనిపెట్టి చూడండి. ఏ కొంచెం అడ్డం పడినా తీసుకురండి."

ఆ రాత్రి అక్కడే ఉంచి మర్నాడు పంపించారు.

కనిపెట్టి చూడండి అన్న మాటను నేను నా మెడలో వేసుకున్నాను. ఆ తర్వాత నాకు వేరే పని లేకుండా పోయింది. వదిన గ్లాసు ఎత్తితే నా కళ్ళు ఆమె మెడ మీదికి పోయేవి. జావ దిగుతోందా, ఆగుతోందా. నిన్నటి కంటే ఎక్కువసేపు పట్టిందా. దగ్గితే లేచి నిలబడేదాన్ని. నిజానికి ఆమె మామూలుగానే దగ్గింది. నేను కూర్చుని తింటుంటే నా గుటకలు నాకే లెక్కకొచ్చేవి. మనం రోజుకు ఎన్నిసార్లు మింగుతామో ఎవరం పట్టించుకుంటాం? పట్టించుకోవడం మొదలుపెట్టాక నాకే మింగుడు పడటం మానేసింది.

అమ్మ డబ్బాను ఏం చేయాలో తేలక పెరట్లో రాయి కింద పెట్టింది. చేలో పారేద్దామంటే నాయన ఒప్పుకోలేదు. "నా చేను ముందే చౌడు పట్టింది, ఇంగ మీ సోడా గూడానా," అన్నాడు. చౌడంటే నేలలో ఊరే ఆ జాతి ఉప్పే. అవ్వ చిన్నతనంలో చౌటిమన్ను తెచ్చి బట్టలు ఉడకబెట్టేవాళ్ళట, అంగట్లో సోడా కొనే పనే లేదట. అవ్వ అది చెబుతూ నవ్వింది. వదిన జబ్బు పడినప్పటి నుంచి ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదలు.

వదినకు మాత్రం ఓపిక అయిపోయింది. జావ అంటే మొహం తిప్పుకునేది. ఇనుము మాత్రలు వేసుకోవడం మొదలుపెట్టాక సుద్ద మీద మనసు పోవడం తగ్గింది, అన్నం మీద ఆకలి పెరిగింది. ఆసుపత్రిలో మళ్ళీ చూపించాం. బిడ్డ ఎదుగుదల బాగుందన్నారు. గొంతులో ఎరుపు పోయిందన్నారు. గట్టి పదార్థం కొద్దికొద్దిగా పెట్టి చూడండి, నమిలి తినమనండి అన్నారు. మా అమ్మ ఆ మాట విని నాకేసి చూసింది. మా ఇంట్లో గట్టి పదార్థమంటే సంగటి. రాగి సంగటిని మేం నమలం. ముద్ద చేసి, పులుసులో ముంచి, నాలుక మీద పెట్టి మింగేస్తాం. నమిలితే పళ్ళకు అంటుకుంటుంది, రుచి కూడా ఉండదు. చిన్నపిల్లలకు సంగటి తినడం నేర్పడమంటే మింగడం నేర్పడమే.

రెండు రోజులు అమ్మ సంగటి మాటే ఎత్తలేదు. మూడో రోజు వదినే అడిగింది.

అందరం కూర్చున్నాం. అమ్మ ఆమె పళ్ళెంలో రేగిపండంత వేసింది. వదిన దాన్ని చూసి, మళ్ళీ అమ్మను చూసింది.

"ఇది కోళ్ళకా అత్తా?"

"ముందు అది దిగనీ తల్లీ."

ఆమె ఆ ముక్కను వేళ్ళతో గుండ్రంగా చేసి, వంకాయ పులుసులో ముంచి, నోట్లో పెట్టుకుంది. నేను తినడం ఆపేశాను. అన్న ఎటో చూస్తున్నట్టు నటించాడు గానీ అతని చెయ్యి కూడా పళ్ళెంలోనే ఆగింది. మెడ మీద చిన్న కదలిక. కిందికి. అంతే. ఆమె కళ్ళు మూసుకోలేదు.

"ఏమ్మీ," అంది నాతో, "నా గొంతులో కదిరి బస్సేమన్నా పోతాండాదా, అట్ల చూస్తాండావ్?"

ఆమె అమ్మ పళ్ళెంలోకి చెయ్యి చాపి, అక్కడున్న ముద్దలో సగం తెంపుకుంది. అమ్మ ఆపబోయి, ఆపలేదు. ఈసారిది నిజమైన ముద్ద, మగవాళ్ళు తినేంత. పులుసులో ముంచింది. నోరు తెరిచింది. నేను ఈసారి చూడకూడదనుకున్నాను, చూశాను. ముద్ద మెల్లగా, ఎక్కడా ఆగకుండా దిగింది.

"కారం చాల్యా," అంది. "ఇంగొంచెం పులుసెయ్."

నేను లేచి గరిటె తీసుకున్నాను. కళ్ళు ఆమె మెడ మీదే ఉండి పులుసు సగం బండ మీద పోసుకున్నాను.